పసివాళ్ళు, పచ్చని మొక్కలు – మన పెద్దల బాధ్యత

(పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకులు చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి పెట్టే భిక్ష కాదు, మన సేవకు దక్కిన హక్కు అని తీర్పు చెప్పింది. ఆ విషయాలూ, కరువు భత్యం సంగతులూ, వైద్య ఖర్చుల బిల్లుల సంగతులూ ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. కార్యదర్శి గారు నాతో, "మీరు ముప్పై ఏళ్ళు పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పారు గదా, ఇవాళ మాకూ కాస్త మొక్కల గురించి చెప్పండి" అన్నారు. వారి ఆజ్ఞ. అయితే మొక్కల గురించి ఊరికే చెప్పకుండా, పసిపిల్లలు మొక్కల్ని ఎట్లా చూస్తారు, వాటి గురించి ఎట్లా తెలుసుకుంటారు అనే సంగతి మీ ముందుంచుతాను.

ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నానంటే, ఈ హాల్లో ఉన్నవాళ్ళలో సగం మందిమి రిటైరైన మర్నాడే మరో ఉద్యోగంలో చేరాం. కొడుకూ కోడలూ, లేదా కూతురూ అల్లుడూ ఆఫీసులకు వెళ్ళాక మనవలను చూసుకునే ఉద్యోగం. దానికి జీతం లేదు, ఆదివారం లేదు, పదవీ విరమణ అసలే లేదు. బిడ్డ మెలకువగా ఉన్న సమయంలో ఎక్కువ భాగం మన కళ్ళ ముందే గడుస్తోంది. కాబట్టి నేను చెప్పబోయేది మనకే బాగా వర్తిస్తుంది.

చెప్పదలచుకున్న మాట ఒక్కటే, దాన్ని ముందే చెప్పేస్తాను. మొక్కల సంగతి పసిబిడ్డ తనంతట తాను నేర్చుకోదు. పెద్దవాళ్ళ ముఖం చూసి, చెయ్యి చూసి, నోరు చూసి నేర్చుకుంటుంది. ఆ పెద్దవాళ్ళు ఇప్పుడు మనమే.

పసిచెయ్యి ఎందుకు ఆగుతుంది?

ఎనిమిది, పది నెలల బిడ్డ సంగతి మీకు తెలియంది కాదు. కళ్ళజోడు కనిపిస్తే లాగుతుంది. తాళాల గుత్తి, రిమోటు, పేపరు, తాతగారి మాత్రల డబ్బా, ఏది అందితే అది నోట్లోకి పోవలసిందే. కొత్త వస్తువైతే మరీ ఆత్రం. ఇంత ఆత్రం ఉన్న బిడ్డ మొక్క ముందు మాత్రం కాస్త ఆగుతుంది.

ఈ సంగతిని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆనీ వెర్ట్జ్, కరెన్ విన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పరీక్షించి, 2014లో ప్రకటించారు. 8 నెలల నుంచి 18 నెలల లోపు పిల్లల్ని తల్లుల ఒడిలో కూర్చోబెట్టి, ఒక్కొక్క వస్తువే ముందుకు తెచ్చి పెట్టారు. కొన్ని నిజమైన మొక్కలు. కొన్ని అచ్చం మొక్కల్లాగే ఉండే కృత్రిమ మొక్కలు. కొన్ని బిడ్డ ఎన్నడూ చూడని, మనిషి తయారు చేసిన వస్తువులు. మరో ప్రయోగంలో ప్రకృతిలో దొరికే ఇతర వస్తువులు కూడా పెట్టారు. బిడ్డ ఎంతసేపటికి చెయ్యి చాచి తాకుతుందో లెక్కపెట్టారు. మిగతా వస్తువుల కంటే మొక్కల్ని తాకడానికి పిల్లలు ఎక్కువసేపు తీసుకున్నారు. కృత్రిమ మొక్కల దగ్గరా అదే తీరు. అంటే ఆకులు, కొమ్మలు ఉన్న ఆ ఆకారమే బిడ్డకు "కాస్త ఆగు" అని చెబుతున్నదన్నమాట.

ఎందుకు ఆగాలి? మొక్క కరవదు, వెంటపడదు, పారిపోదు. పారిపోలేదు కనుకనే తనను తినవచ్చినవాటి నుంచి కాపాడుకోవడానికి వేరే ఆయుధాలు పెట్టుకుంది. రేగుకు ముల్లు. దురదగొండికి నూగు. జిల్లేడుకు పాలు. ఉమ్మెత్తకు విషం. చేమ ఆకులో, దుంపలో కంటికి కనిపించని సూదుల వంటి స్ఫటికాలుంటాయి. గొంతు దురద పెట్టేది వాటివల్లనే. మన ఇళ్ళలో చేమదుంపను బాగా ఉడికించి చింతపండు పులుసు పోయడం ఊరికే రాలేదు. వేల తరాలుగా మనిషి బిడ్డ ఈ ముళ్ళ మధ్య, విషాల మధ్య పాకుతూ పెరిగింది. ప్రతిదాన్నీ కొరికి చూసి నేర్చుకోవాలంటే బతకడం కష్టం. అందుకే చెయ్యి ముందుగా ఆగుతుందని ఆ శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

చెయ్యి ఆగాక బిడ్డ ఏం చేస్తుంది? ఇదే అసలు సంగతి. వెర్ట్జ్ ఆ తరువాత జర్మనీలో, బెర్లిన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో పనిచేస్తూ క్లాడియా ఎల్స్‌నర్ అనే మరో శాస్త్రజ్ఞురాలితో కలిసి 2019లో ఇంకో పరిశోధన ప్రకటించారు. మొక్కను తాకే ముందు పిల్లలు పక్కనున్న పెద్దల వైపు చూస్తారని, మిగతా వస్తువుల దగ్గర కంటే మొక్కల దగ్గర ఆ చూపులు ఎక్కువని తేలింది.

ఈ సంగతి చదివాక మా మనవరాలిని నేను కాస్త గమనించాను. అప్పుడు దానికి పదకొండో నెల. పెరటి గుమ్మంలో కరివేపాకు మొక్క ఉంది. పాకుతూ పోయి దాని ముందు కూర్చుంది. చెయ్యి లేపింది, సగంలో ఆపింది. వెనక్కి తిరిగి మా ఆవిడ ముఖం చూసింది. ఆవిడ నవ్వి ఒక రెబ్బ తుంచి, నలిపి, దాని ముక్కు దగ్గర పెట్టింది. అప్పుడు గాని అది ఆకు ముట్టుకోలేదు. ఒక్క బిడ్డను చూసి శాస్త్రం చెప్పకూడదని నాకు తెలుసు. కాని శాస్త్రం చెప్పిన దాన్ని మన గుమ్మంలో చూసుకోవచ్చు. మీరూ చూడండి. ఖర్చు లేని వినోదం.

ఒక్క హెచ్చరిక. ఈ ఆగడం కొన్ని క్షణాల ఆలస్యమే గాని కంచె కాదు. కాసేపటికి బిడ్డ ముట్టుకుంటుంది, లాగుతుంది, నోట్లోనూ పెట్టుకుంటుంది. "పిల్లలకు ప్రకృతే బుద్ధి చెబుతుందిలే" అని మనం కునుకు తీయడానికి వీల్లేదు. ప్రకృతి మనకు ఇచ్చింది ఆ కొన్ని క్షణాల వ్యవధి మాత్రమే. ఆ వ్యవధిలో బిడ్డ మన ముఖం చూసినప్పుడు మనం అక్కడ ఉండాలి, మన కళ్ళు ఫోనులో ఉండకూడదు.

తినదగినది ఏదో ఎట్లా తెలుస్తుంది?

అదే 2014లో వెర్ట్జ్, విన్ మరో ప్రయోగం ప్రకటించారు. 18 నెలల పిల్లల ముందు ఒక మొక్క పెట్టారు, ఒక తయారీ వస్తువు పెట్టారు. రెండింటికీ ఎండు పండ్లు తగిలించారు. పెద్దమనిషి ఒకరు వచ్చి మొక్క నుంచి ఒక పండు, వస్తువు నుంచి ఒక పండు తీసి, రెండూ నోట్లో పెట్టుకున్నారు. తరువాత ఆ రెండు రకాల పండ్లూ చూపించి, తినేది ఏదని అడిగితే, పిల్లలు ఎక్కువగా మొక్క నుంచి వచ్చిన పండునే ఎంచుకున్నారు. రెండూ నోట్లో పెట్టుకోవడం చూశారు గదా, అయినా మొక్కదే తిండి అని తీర్మానించారు. పెద్దమనిషి పండ్లను నోట్లో కాక చెవి వెనుక పెట్టుకున్నప్పుడు మాత్రం మొక్క పండు వైపు ఈ మొగ్గు కనిపించలేదు. అంటే మొక్కకు వేలాడినంత మాత్రాన తిండి అయిపోదు. పెద్దవాళ్ళు తినడం చూడాలి. ఆరు నెలల పిల్లల చూపుల్ని గమనించినా ఇదే ధోరణి కనిపించిందని రాశారు. ఇంకా అన్నప్రాశన కూడా సరిగా కాని వయసు!

వాళ్ళే 2019లో మరో సంగతి చెప్పారు. ఒక మొక్క తినదగినదని తెలిస్తే, 18 నెలల పిల్లలు దాన్ని పోలిన మరో మొక్కకు కూడా ఆ మాట వర్తింపజేస్తారు.

దీనిలో మంచీ ఉంది, ప్రమాదమూ ఉంది. మంచి ఏమిటంటే, నాయనమ్మ పెరట్లోని తులసి ఆకు ఒకటి నోట్లో వేసుకుంటే, తాత పచ్చి బెండకాయ లేతది విరిచి నమిలితే, ఒక్క మాట చెప్పనక్కర లేకుండా బిడ్డకు పాఠం అందుతుంది. ప్రమాదం ఏమిటంటే, మనం కామంచి పండు కోసుకొని తింటే, పక్కన తుప్పలో ఉన్న మరో నల్లని పండు కూడా బిడ్డకు తిండిగానే తోచవచ్చు. కామంచిలోనే మగ్గిన పండు తింటాం, పచ్చికాయ తినం. ఆ తేడా ఏడాదిన్నర బిడ్డకు ఎవరు చెప్పాలి? కాబట్టి మొక్క నుంచి నేరుగా కోసి నోట్లో పెట్టుకోవడం చంటిబిడ్డ ముందు చేయకపోవడమే మేలు. కోసి, కడిగి, గిన్నెలో వేసి, "ఇది తాతయ్య ఇస్తేనే తినాలి" అని పెడితే పాఠమూ అందుతుంది, అలవాటూ పడుతుంది.

రెండేళ్ళ తరువాత పేచీ

ఏడాది బిడ్డగా ఉన్నప్పుడు తోటకూర పప్పు లొట్టలు వేసుకుంటూ తిన్న మనవడు, రెండేళ్ళు దాటేసరికి అన్నంలో పచ్చని పిసరు కనిపిస్తే చాలు ఉమ్మేస్తాడు. కోడలు కంగారు పడుతుంది. "మీ గారాబమే" అని మన మీదికి వస్తుంది. ఇది గారాబమూ కాదు, మొండితనమూ కాదు. రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా కొత్త తిండి అంటే, ముఖ్యంగా కూరగాయలంటే, జంకు ఎక్కువగా ఉంటుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. బిడ్డ ఇంట్లో వాళ్ళ చూపు దాటి తిరగడం మొదలుపెట్టే వయసు అదే గదా. ఆ వయసులో తెలియని ఆకును అనుమానించడం ప్రాణానికి మంచిదే.

దీనికి మందు ఓర్పే. ఇష్టపడని కూరను బలవంతాన కుక్కకుండా, ఒక్క ముద్ద చొప్పున పది, పదిహేను సార్లు వేర్వేరు రోజుల్లో పెడితే చాలామంది పిల్లలు అలవాటు పడతారు. రెండుసార్లు ఉమ్మగానే "వీడికి బీరకాయ పడదు" అని తీర్పు ఇచ్చేయకూడదు. ఈ అలవాటు ఇంకా ముందే, తల్లి కడుపులోనే మొదలవుతుందని కూడా తెలిసింది. ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థలో జూలీ మెనెల్లా బృందం 2001లో ప్రకటించిన పరిశోధనలో, గర్భిణిగా ఉన్నప్పుడు గాని, పాలిచ్చేటప్పుడు గాని తల్లులు క్యారెట్ రసం తాగితే, ఆ పిల్లలు తరువాత క్యారెట్ రుచి ఉన్న ఆహారాన్ని బాగా ఒప్పుకున్నారని తేలింది. బాలింతకు పథ్యం పేరుతో కూరలన్నీ మానిపించే పెద్దమ్మలు ఈ సంగతి కాస్త ఆలోచించాలి.

"తాతయ్యా, మొక్కకు ప్రాణం ఉందా?"

మనం బతికే ఉన్నామని ఏటేటా ట్రెజరీకి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకుంటున్నాం. మరి మొక్క బతికే ఉందని సర్టిఫికెట్ ఎవరు ఇవ్వాలి? నాలుగైదేళ్ళ పిల్లల్ని అడిగితే అంత తేలిగ్గా ఇవ్వరు.

స్విట్జర్లాండ్‌కు చెందిన జీన్ పియాజే, పిల్లల ఆలోచనల గురించి రాసిన పుస్తకం 1929లో ఆంగ్లంలో వచ్చింది. కదిలేదానికల్లా ప్రాణం ఉందని చిన్నపిల్లలు అనుకుంటారని, సూర్యుడు, గాలి, సైకిలు కూడా వాళ్ళ లెక్కలో ప్రాణమున్నవేనని, జంతువులకూ మొక్కలకూ మాత్రమే ప్రాణం ఉందని తెలిసేసరికి పదకొండు, పన్నెండేళ్ళు వస్తాయని ఆయన చెప్పారు. కదలని మొక్క ఈ లెక్కలో వెనుకబడిపోతుంది. అత్తిపత్తి ఒక్కటి దీనికి మినహాయింపు. ముట్టుకోగానే ముడుచుకునే ఆ ఆకును చూపిస్తే "ఇది బతికుంది" అని పిల్లలు వెంటనే ఒప్పుకుంటారు. జగదీశ్ చంద్ర బోస్ గారు మొక్కల స్పందనలను లోకానికి చూపడానికి అత్తిపత్తిని వాడుకున్నారంటే ఆశ్చర్యం లేదు.

అయితే తరువాత వచ్చిన శాస్త్రజ్ఞులు పిల్లలకు పియాజే అనుకున్న దానికంటే ఎక్కువే తెలుసని కనిపెట్టారు. "ప్రాణం ఉందా" అని అడిగితే తికమకపడే పిల్లలే, వేరే విధంగా అడిగితే సరిగ్గా చెబుతారు. జపానులో కయోకో ఇనగాకి, గియూ హతానో ఐదేళ్ళ పిల్లల్ని పరీక్షించి, మొక్కలు కూడా జంతువుల్లాగే పెరుగుతాయని, వాటికీ నీళ్ళూ పోషణా కావాలని ఆ పిల్లలకు తెలుసని 1996లో రాశారు. మొక్కకు నీళ్ళు పోయడాన్ని పిల్లలు తమకు అన్నం పెట్టడంతో పోల్చుకుంటారు. "మొక్కకు ఆకలేస్తుంది" అనే పిల్లవాడి మాటను మనం నవ్వులాటగా తీసుకుంటాం గాని, అది తెలిసిన దాన్ని పట్టుకొని తెలియని దాన్ని అందుకునే ప్రయత్నం.

అమెరికాలో 1993లో జరిగిన మరో పరిశోధనలో, ఆకు చిరిగితే మొక్క తనంతట తానే బాగుపడగలదని, కుర్చీ విరిగితే మనిషే బాగు చేయాలని నాలుగేళ్ళ పిల్లలు చెప్పగలిగారు. 1995లో ఆన్ హిక్లింగ్, సుసాన్ గెల్మన్ విత్తనాల గురించి అడిగారు. విత్తనం అదే జాతి మొక్క నుంచి వస్తుందని, ఎండ, వాన వంటి ప్రకృతి కారణాలతో మొలుస్తుందని నాలుగున్నర ఏళ్ళ వయసుకే పిల్లలు గ్రహిస్తున్నారని చెప్పారు.

ఇక్కడ భాష సంగతి ఒకటి చెప్పాలి. ఇజ్రాయెల్‌లో చాలామంది పిల్లలు మొక్కల్ని బతికున్నవాటిలో కలపరని 1989లో స్టావీ, వాక్స్ అనే పరిశోధకులు రాశారు. హీబ్రూ భాషలో జంతువుకూ బతుకుకూ ఉన్న మాటలు దగ్గర దగ్గరగా ఉంటాయి, మొక్క ఆ మాటల బయట ఉంటుంది. మన తెలుగులో కూడా "ప్రాణి" అనగానే ఎవరికీ మామిడిచెట్టు గుర్తురాదు. కాని మన రైతుల మాట వినండి. నాటిన మొక్క "బతికింది" అంటారు. నారు "చచ్చిపోయింది" అంటారు. వరి "పొట్ట మీదుంది" అంటారు, తరువాత "ఈనింది" అంటారు, గింజ "పాలు పోసుకుంది" అంటారు. పొద్దుపోయాక ఆకు కోయబోతే "చెట్టు నిద్రపోతోంది, కోయకూడదు" అని మన అమ్మలు ఆపేవాళ్ళు. వృక్షశాస్త్రంలో నేను ముప్పై ఏళ్ళు బోర్డు మీద రాసిన పాఠం ఈ నాలుగు మాటల్లో ఉంది. ఈ మాటలు మన నోట వింటే మనవడికి మొక్కకు ప్రాణం ఉందని వేరే చెప్పక్కర లేదు. మనతో పాటే ఈ మాటలు పోతే, వాడు పుస్తకంలో చదువుకుంటాడు, పరీక్షలో రాస్తాడు, మరిచిపోతాడు.

పెద్ద చదువులు చదివినా కనిపించని పచ్చదనం

మరిచిపోవడం అన్నది ఉత్త మాట కాదు. 1999లో జేమ్స్ వాండర్సీ, ఎలిజబెత్ షుస్లర్ అనే అమెరికా అధ్యాపకులు మొక్కల పట్ల మనుషులకు ఒక రకమైన గుడ్డితనం ఉందని రాశారు. అడవి బొమ్మ చూపించి ఏం కనిపిస్తున్నదంటే పులి అంటాం, జింక అంటాం. బొమ్మ నిండా ఉన్న చెట్లను లెక్కలోకి తీసుకోం. 2009లో పెన్సిల్వేనియాలో జరిగిన పరిశోధన ఇంకా విచిత్రం. పేర్లు చకచకా చూపించి, ప్రాణం ఉన్నదా లేదా వెంటనే చెప్పమంటే, కాలేజీ విద్యార్థులే కాదు, జీవశాస్త్రం బోధించే ప్రొఫెసర్లు కూడా జంతువుల దగ్గర కంటే మొక్కల దగ్గర తడబడ్డారు! చిన్ననాటి తికమక మనలో ఎక్కడో మిగిలే ఉంటుందన్నమాట.

నా విద్యార్థుల సంగతే చెబుతాను. మందార పుష్పం నిలువుకోత బొమ్మ అద్దంలో చూసినట్టు వేసేవాళ్ళు. మాల్వేసీ కుటుంబ లక్షణాలు గడగడా అప్పజెప్పేవాళ్ళు. వాళ్ళను కాలేజీ గోడ పక్కనున్న బెండ మడి దగ్గరికి తీసుకుపోయి ఈ పువ్వు ఏ కుటుంబమని అడిగితే ముఖాలు చూసుకునేవాళ్ళు. మందార, బెండ, గోంగూర, పత్తి అన్నీ ఒక్క ఇంటివే. నాలుగు పూలు పక్కపక్కన పెడితే ఆ చుట్టరికం ఆరేళ్ళ పిల్లకు కూడా కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. పల్లె నుంచి వచ్చిన ఒకరిద్దరు పిల్లలు మాత్రం చటుక్కున చెప్పేవాళ్ళు. వాళ్ళు అది నేర్చుకున్నది నా దగ్గర కాదు. పత్తి చేలో అమ్మ వెంట తిరిగి నేర్చుకున్నారు.

ఇవి మాత్రం జాగ్రత్త

సోదరీమణులు ఈ భాగం కాస్త మనసు పెట్టి వినాలని మనవి. మన ఇళ్ళ చుట్టూ ఉండే కొన్ని మొక్కలు పసిపిల్లలకు ప్రాణాంతకం. పచ్చగన్నేరు కాయ, గన్నేరు మొక్కలో అన్ని భాగాలూ గుండె మీద పనిచేసే విషాలు. ఉమ్మెత్త గింజలు మతి చలింపజేస్తాయి. ఆముదం నూనె మందే గాని, గింజ నమిలితే విషం. ఎర్రగా నిగనిగలాడే గురివింద గింజ మీద గట్టి పెంకు ఉంటుంది, అది చిట్లినా, నమిలినా అపాయం. కంచెలకు నాటే నేపాళం, దాన్నే అడవి ఆముదం అంటారు, గింజ తియ్యగా ఉంటుంది కనుక పిల్లలు గుంపుగా కూర్చొని తిని వాంతులు, విరేచనాలతో ఆస్పత్రి పాలైన వార్తలు మనం పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. అపార్టుమెంట్ల వరండాల్లో పెట్టే డిఫెన్‌బేకియా, అదే తెల్ల మచ్చల పెద్దాకుల కుండీ మొక్క, కొరికితే నోరూ నాలుకా వాచిపోతాయి.

బిడ్డ ఏదైనా నమిలిందని అనుమానం వస్తే, నోట్లో ఉన్నది వేలితో మెల్లగా తీసి, నోరు తుడవండి. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించడం, పసర్లు పోయడం వద్దు. ఆ మొక్క కొమ్మో, కాయో వెంట తీసుకొని 108కి ఫోను చేసి వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి. ఏం తిన్నదో తెలిస్తే డాక్టరుకు సగం పని తగ్గుతుంది. ఆ కాయ పేరు చెప్పగలిగినవాళ్ళు ఇంట్లో ఒక్కరైనా ఉండాలి.

పిల్లల్ని భయపెట్టమని నేను చెప్పడం లేదు. "చెట్ల దగ్గరికి పోకు, పురుగూ పుట్రా ఉంటాయి" అని మొత్తం పచ్చదనానికే దూరం చేస్తే, ఏది మంచిదో ఏది చెడ్డదో తెలియకుండానే పెరుగుతారు. ఒక్కొక్క మొక్కా పేరు పెట్టి చెప్పాలి. "ఇది గన్నేరు. పువ్వు దేవుడికి, ఆకు నోటికి వద్దు" అంటే చాలు.

మనం చేయగలిగినవి

ఖర్చుతో పని లేని నాలుగు సంగతులు చెప్పి ముగిస్తాను.

మొదటిది, పేరు చెప్పడం. బిడ్డకు మాటలు రాకముందే చెప్పండి. "చెట్టు" అని ఊరుకోకుండా "వేప", "కానుగ", "నందివర్ధనం" అనండి. "కాకి", "పిచ్చుక" అని విడివిడిగా చెబుతాం గాని చెట్లన్నిటినీ ఒకే మాటతో సరిపెడతాం.

రెండోది, మొలకెత్తించడం. కొబ్బరి చిప్పలో మట్టి పోసి మెంతులు చల్లితే రెండు మూడు రోజుల్లో మొలక కనిపిస్తుంది. పిల్లల ఓపికకు అది సరిగ్గా సరిపోతుంది. ధనియాలు నలిపి వేసినా వారం, పది రోజులు పడుతుంది, అది కాస్త పెద్ద పిల్లలకు. చింతగింజ ఒకటి, శనగగింజ ఒకటి పక్కపక్కన పెట్టండి. చింతగింజ పప్పు బద్దలు నేల పైకి లేస్తాయి, శనగవి మట్టిలోనే ఉండిపోతాయి. ఎందుకని వాళ్ళే అడుగుతారు. ఫ్రోబెల్ 1840లో జర్మనీలో తన బడికి పెట్టిన కిండర్ గార్టెన్ అనే పేరుకు పిల్లల తోట అని అర్థం. ఆయన ప్రతి పిల్లకూ ఒక చిన్న మడి ఇచ్చాడు. ఇవాళ ఆ పేరు పెట్టుకున్న బళ్ళలో మడి లేకపోతే మన బాల్కనీలో ఒక కుండీ ఉండవచ్చు. ఆ కుండీ మీద పిల్ల పేరు రాయండి, నీళ్ళు పోసే పని దానికే అప్పగించండి.

మూడోది, పండుగలు. పెళ్ళిలో పాలికలు, ఉగాదికి వేపపువ్వు, కార్తీకంలో ఉసిరి నీడన భోజనం, తెలంగాణలో బతుకమ్మకు తంగేడు, గునుగు. ఇవన్నీ మొక్కల పాఠాలే. వినాయక చవితి పత్రి 21 రకాలు. బజారులో కట్టగా కొనేసి పళ్ళెంలో పోయకుండా, పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకొని ఆకు ఆకూ విడదీసి పేరు చెప్పండి. మారేడు, ఉత్తరేణి, రేగు, జమ్మి, రావి వస్తాయి. వాటిలోనే ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా ఉన్నాయి. పూజకు పనికొచ్చేదీ, నోటికి పనికిరానిదీ ఒక్క పళ్ళెంలోనే చూపించవచ్చు. పూజ కాగానే చేతులు కడిగించండి.

నాలుగోది, ఊరు. సంవత్సరానికి ఒకసారైనా మనవలను పొలం గట్టు మీద నడిపించండి. వరి పొట్ట మీదున్నప్పుడు తీసుకుపోతే మరీ మంచిది. పొట్టలో ఉన్న వెన్ను చూసిన పిల్లవాడు అన్నం పారేయడానికి కాస్త ఆలోచిస్తాడు.

మిత్రులారా, మన సర్వీసు రిజిస్టర్లు ఆఫీసులో భద్రంగా ఉన్నాయి. మన పెన్షను పేపర్లు ట్రెజరీలో ఉన్నాయి. మనకు తెలిసిన చెట్ల పేర్లు, ఏది తినాలో ఏది తినకూడదో అన్న తెలివి మాత్రం ఏ బీరువాలోనూ లేదు. అది మన నోటిలోనే ఉంది. మన పిల్లలు చదువుల వేటలో, ఉద్యోగాల వేటలో పడి దాన్ని పూర్తిగా అందుకోలేకపోయారు. అందులో వాళ్ళ తప్పు లేదు. ఇప్పుడు ఒక తరాన్ని దాటించి మనవలకు నేరుగా ఇవ్వగల అవకాశం మనకు దక్కింది. ఆలస్యం చేస్తే ఈ బకాయిని ఏ ప్రభుత్వమూ, ఏ కోర్టూ ఇప్పించలేదు.

సభ్యులందరూ ఈ సంక్రాంతికి తమ ఇంటి చుట్టూ, వీధిలో ఉన్న మొక్కల పేర్లు ఒక కాగితం మీద రాసి, పిల్లలకు ప్రమాదకరమైనవాటి కింద ఎర్ర గీత గీసి మన సంఘ కార్యాలయంలో ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. కార్యదర్శి గారు అంగీకరిస్తే వాటిని కలిపి ఒక చిన్న పట్టికగా వేయించుకుందాం. పేర్లు సరిచూసే పని నేను చేసిపెడతాను.